సిక్కు ఎవరని అడిగే అధికారం

పంజాబులో 1925లో వచ్చిన సిక్కు గురుద్వారాల చట్టంలో ఒక చిన్న ప్రమాణం ఉంది. ఫలానా మనిషి సిక్కా కాదా అన్న సందేహం వస్తే, తాను సిక్కునని, గురు గ్రంథ సాహిబ్‌నూ పదిమంది గురువులనూ విశ్వసిస్తానని, తనకు వేరే మతం లేదని అతడు చెప్పాలి. చెప్పినవాడు సిక్కు, చెప్పడానికి నిరాకరించినవాడు కాదు. పాతికేళ్లు గడిచాక అమలులోకి వచ్చిన రాజ్యాంగం, దేవాలయ ప్రవేశం గురించి మాట్లాడే 25వ అధికరణంలో, హిందువులన్న మాట కిందికి సిక్కులు, జైనులు, బౌద్ధులు కూడా వస్తారని వివరణ ఇచ్చింది. అదే 1950లో వెలువడిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఆ హోదాను హిందువులకే పరిమితం చేస్తూ, పంజాబు ప్రాంతపు మజ్హబీ, రాందాసియా, కబీర్‌పంథీ, సిక్లీగర్ అనే నాలుగు సిక్కు దళిత కులాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1983లో బ్రిటన్ ప్రభువుల సభ, తలపాగా పెట్టుకున్న బాలుడిని చేర్చుకోనన్న పాఠశాలపై నడిచిన వ్యాజ్యంలో, సిక్కులు మతసమూహం మాత్రమే కాదు, జాతి వివక్ష చట్టం రక్షణ పొందదగిన జాతిసమూహం కూడా అని తేల్చింది.

ఒకే జనసమూహం గురించి ఇన్ని జవాబులు పుట్టాయంటే, ప్రతి జవాబు వెనుకా ఆ ప్రశ్న అడిగే అవసరం ఉన్న ఒక కార్యాలయం ఉందని అర్థం. ఓటర్ల జాబితా తయారు చేయడానికో, రిజర్వేషను ధ్రువపత్రం ఇవ్వడానికో, పటాలంలో చేర్చుకోవడానికో ఎవరో ఒకరు బల్లకు అవతలి వైపు కూర్చుని అడిగితే తప్ప, సిక్కు ఎవరన్నది ఇంత పదునైన ప్రశ్న కాదు. కొంతకాలంగా సిక్కుల చరిత్ర మీద, విమర్శ సిద్ధాంతం వైపు నుంచి వచ్చిన రచనలు చదువుతూ నేను పట్టుకున్న పోగు ఇదే. ఆ రచనల్లో చాలా భాగాన్ని అంగీకరిస్తూనే, ఒక ముఖ్యమైన చోట అవి తమ మాటకు తామే కట్టుబడలేదని నాకు అనిపిస్తోంది.

ఆ మాట ఏమిటో ముందు చెప్పాలి. 1937లో జర్మన్ తత్వవేత్త మాక్స్ హోర్క్‌హైమర్ చేసిన విభజన ప్రకారం, సంప్రదాయ సిద్ధాంతం తాను పరిశీలిస్తున్న సమాజానికి బయట నిలబడి చూస్తున్నానని భావిస్తుంది. విమర్శ సిద్ధాంతం తానూ ఆ సమాజపు సంబంధాల్లో ఇరుక్కునే ఉన్నానని గుర్తుంచుకుని, తన పరికరాలను కూడా పరీక్షకు పెడుతుంది. ఫ్రెంచి తత్వవేత్త ఫుకో దీనికి అధికారపు రోజువారీ పనితీరును జోడించాడు: జనాన్ని లెక్కపెట్టడం, వర్గాలుగా విడదీయడం, ప్రతి వర్గానికీ ఒక ఫైలు తెరవడం. మతం అనేది రాజకీయాల నుంచి వేరుగా గోడ కట్టుకున్న ఒక గది అన్న భావన యూరపు చరిత్రలో పుట్టి వలసపాలన వెంట ప్రపంచమంతా తిరిగిందని మానవశాస్త్రవేత్త తలాల్ అసద్ వాదించాడు. తెలుగు పాఠకులకు ఈ ధోరణి కొత్త కాదు. 1990ల నుంచి దళిత, స్త్రీ, ముస్లిం, తెలంగాణ అస్తిత్వ ఉద్యమాల చుట్టూ మన పత్రికల్లో నడిచిన వాదోపవాదాల్లో ఈ పేర్లు ఏదో ఒక రూపంలో వినబడుతూనే వచ్చాయి.

సిక్కుల విషయంలో ఈ పద్ధతిని అందరికన్నా గట్టిగా ప్రయోగించినవాడు చరిత్రకారుడు హర్జోత్ ఒబెరాయ్. 1994లో వచ్చిన ఆయన గ్రంథం సారాంశం ఇది: పందొమ్మిదో శతాబ్దం మధ్య వరకు పంజాబు గ్రామంలో సిక్కు, హిందువు, ముస్లిం అన్న గీతలు నేడు మనకు కనబడేంత నిక్కచ్చిగా లేవు. గురువాణి వినే కుటుంబమే సఖీ సర్వర్ దర్గాకు మొక్కుకునేది, గుగ్గా పీర్‌ను కొలిచేది, మశూచి వస్తే శీతలాదేవిని వేడుకునేది. ఉదాసీ, నిర్మలా శాఖల సాధువులు, కేశాలు పెంచని సహజ్‌ధారులు, అమృతం పుచ్చుకున్న, అంటే దీక్ష తీసుకున్న ఖాల్సా సిక్కులు అందరూ ఒకే విశాలమైన లోకంలో భాగం. 1873లో అమృత్‌సర్‌లో, 1879లో లాహోర్‌లో ఏర్పడిన సింగ్ సభలు, వాటిలోనూ ప్రత్యేకంగా ఖాల్సా రూపమే అసలైనదన్న తత్ ఖాల్సా వర్గం, ఈ లోకాన్ని చెరిపి ఒకే గ్రంథం, ఒకే రూపం, ఒకే సంస్కార విధానం గల మతాన్ని నిలబెట్టాయి. 1898లో కాహన్ సింగ్ నాభా, మేము హిందువులం కాదని శీర్షికలోనే ప్రకటిస్తూ పుస్తకం రాశాడు. 1905లో దర్బార్ సాహిబ్ (అమృత్‌సర్ స్వర్ణాలయం) ప్రదక్షిణ మార్గంలోని విగ్రహాలను తొలగించారు. 1909లో సిక్కు వివాహానికి వేరే చట్టం వచ్చింది. వలస ప్రభుత్వం తన వంతుగా జనాభా లెక్కల్లో గడులు గీసింది, యుద్ధవీర జాతుల సిద్ధాంతంతో సిక్కులను పటాలాల్లో చేర్చుకుంది, చేరినవారు అమృతం పుచ్చుకుని కేశాలతో ఉండాలని నియమం పెట్టింది.

ఈ వాదనకు వచ్చిన ప్రతిస్పందన తీవ్రంగా ఉంది. కెనడాలో సిక్కు సమాజం విరాళాలతో ఏర్పడిన ఆచార్య పీఠాన్ని ఒబెరాయ్ వదులుకోవలసి వచ్చింది. పండితుడి మీద అలాంటి ఒత్తిడి తేవడాన్ని నేను సమర్థించలేను. అయితే ఆయన విమర్శకులు అడిగిన ఒక ప్రశ్నను కొట్టిపారేయలేం: 1604లో గురు అర్జన్, నేటి గురు గ్రంథ సాహిబ్‌కు మూలమైన ఆదిగ్రంథాన్ని సంకలనం చేయడం, 1699 వైశాఖినాడు ఆనంద్‌పూర్‌లో గురు గోబింద్ సింగ్ ఖాల్సాను స్థాపించడం, పద్దెనిమిదో శతాబ్దంలో కేశాలున్నాయన్న కారణంతోనే మొగలు సుబేదార్ల వేటకు బలైనవాళ్ల జ్ఞాపకం, ఇవన్నీ ఏ జనాభా లెక్కల గుమాస్తా సృష్టి? గీత ముందే ఉంది. వలసపాలన దానికి కొత్త పని అప్పగించింది అనడం నాకు ఎక్కువ సమంజసంగా తోస్తుంది.

ఇందుకు తిరుగులేని సాక్ష్యం పంజాబుకు చాలా దూరంలో, మన పొరుగున, నాందేడ్‌లో ఉంది. గురు గోబింద్ సింగ్ 1708లో కన్నుమూసిన ఆ చోట లాహోరు పాలకుడు రంజీత్ సింగ్ పంపిన సొమ్ముతో 1830లలో హజూర్ సాహిబ్ కట్టడం లేచింది. నైజాం రాజ్యానికీ లాహోరుకూ కుదిరిన ఏర్పాటు మేరకు వచ్చిన సిక్కు సైనికుల సంతతి, దక్ఖనీ సిక్కులుగా హైదరాబాదు అత్తాపూర్ వైపున బరంబాలాలోనూ, ఇతర చోట్లా స్థిరపడింది. 1925 చట్టం బ్రిటిషు పంజాబుకే వర్తించింది కనుక నైజాం ఏలుబడిలోని నాందేడ్ దాని పరిధిలోకి రాలేదు. 1956లో హైదరాబాదు రాష్ట్రం అంతరించే ముందు ఆ శాసనసభే నాందేడ్ గురుద్వారాకు విడిగా చట్టం చేసింది. ఫలితంగా బాసర చూసుకుని అటుగా వెళ్లే తెలుగు యాత్రికులకు అక్కడ కనిపించే పద్ధతులు అమృత్‌సర్‌లో ఉండవు. దీపాలతో ఆరతి ఇస్తారు, గురువుల ఆయుధాలకు చందనం పూస్తారు, గురు గోబింద్ సింగ్ రచనలుగా చెప్పే దసమ్ గ్రంథాన్ని కూడా గురు గ్రంథ సాహిబ్ పక్కన ప్రతిష్ఠిస్తారు. సింగ్ సభ సంస్కర్తలు పంజాబులో తుడిచివేసిన ఆచారాల్లో కొన్ని మరో పాలకుడి సరిహద్దు లోపల అలాగే నిలిచిపోయాయి. శుద్ధ మతం ఎక్కడిదాకా విస్తరిస్తుందో కొన్నిసార్లు చట్టం పరిధి నిర్ణయిస్తుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి? దక్ఖనీ సిక్కులు మాత్రం తమ ఆచారాన్ని అవశేషంగా భావించరు. గురువు చివరి రోజుల పద్ధతిని చెక్కుచెదరకుండా కాపాడుతున్నది తామేనని వాళ్ల నమ్మకం.

ఇక నేను విభేదించే చోటు. సిక్కు అస్తిత్వం ఒక నిర్మితి అని నిరూపించిన పద్ధతి, హిందూ అన్న వర్గం మీదికి అదే శ్రద్ధతో తిరగదు. ఒబెరాయ్ వంటి పండితులకు అటువంటి ఉద్దేశం ఉందని అనను. కానీ ఆ వాదన గ్రంథాలయం దాటి రాజకీయాల్లోకి వచ్చేసరికి, సిక్కులు వేరన్న భావన బ్రిటిషువాడి కుట్ర, నిజానికి వాళ్లు హిందువుల్లో భాగమే అన్న పాత మాటకు అది పండితుల ముద్రగా మారుతుంది. ఆ మాటలోని హిందువు మాత్రం అనాదిగా ఉన్నట్టు, ఏ జనాభా లెక్కల అధికారీ ఏ ఆర్యసమాజ శుద్ధి ఉద్యమమూ ఏ న్యాయస్థానమూ అతడిని తయారు చేయనట్టు సాగిపోతుంది. మైనారిటీ గీసుకున్న గీత కృత్రిమమని, మెజారిటీ గీసిన వలయం సహజమని తేల్చే విమర్శ, హోర్క్‌హైమర్ చెప్పిన అర్థంలో ఇంకా సంప్రదాయ సిద్ధాంతమే. 1984 ఫిబ్రవరిలో సిక్కుల పార్టీ అకాలీదళ్ నాయకులు ఢిల్లీ వీధిలో 25వ అధికరణం ప్రతిని తగలబెట్టినప్పుడు దేశమంతా దాన్ని రాజ్యాంగ ద్రోహంగా చూసింది. తమ అనుమతి అడగకుండా తమను మరొకరి పేరు కిందికి చేర్చిన వాక్యం మీద అది నిరసన అని గమనించినవారు తక్కువ.

మతాన్నీ రాజకీయాన్నీ కలిపేస్తారన్న ఆరోపణ విషయంలో కూడా ఇలాంటి ఏకపక్షతే ఉంది. దర్బార్ సాహిబ్‌కు ఎదురుగా గురు హర్‌గోబింద్, సిక్కుల అత్యున్నత పీఠమైన అకాల్ తఖ్త్‌ను నిలిపి, లౌకిక అధికారానికీ ఆధ్యాత్మిక అధికారానికీ గుర్తుగా మీరీ, పీరీ అనే రెండు కత్తులు ధరించిన నాటి నుంచి ఆ రెండింటినీ వేరుచేయని సంప్రదాయం అది. అసద్‌ను చదివినవారు ఆ విభజన లేకపోవడాన్ని లోపంగా చూడరు. అయితే మీరీ–పీరీ అన్న గొప్ప మాట చాటున సాధారణమైన పార్టీ రాజకీయం బాగా నడిచిందని కూడా చెప్పాలి. 2024 డిసెంబరులో అకాల్ తఖ్త్, పంజాబు మాజీ ఉపముఖ్యమంత్రి, అకాలీదళ్ నేత సుఖ్‌బీర్ సింగ్ బాదల్‌కు మెడలో పలక వేయించి సేవాశిక్ష విధించినప్పుడు, గురువుల కాలపు నైతిక అధికారం మళ్లీ మేల్కొందని చాలామంది అనుకున్నారు. కొద్ది నెలలు తిరక్కుండానే ఆ తీర్పులో పాలుపంచుకున్న జథేదార్లను, అంటే తఖ్త్‌ల అధిపతులను, గురుద్వారాలను నడిపే ఎన్నికైన సంస్థ శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ పదవుల నుంచి తప్పించింది. ఆ కమిటీలో ఆధిక్యం బాదల్ అకాలీదళ్‌దేనని పంజాబులో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఎవరు సిక్కు అన్న ప్రశ్నకూ ఈ కమిటీకీ ఉన్న బంధం గట్టిది, ఎందుకంటే దాని ఎన్నికల్లో ఓటు ఆ జవాబును బట్టే వస్తుంది. సహజ్‌ధారులకు 1944 సవరణతో వచ్చిన ఓటు హక్కును 2003లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషనుతో తీసేసింది. 2011లో హైకోర్టు ఆ నోటిఫికేషనును కొట్టివేసింది. 2016లో పార్లమెంటు సవరణ చేసి, తీసివేతను 2003 నాటి నుంచే చెల్లేలా చేసింది. మధ్యలో 2009లో, కమిటీ నడిపే వైద్య కళాశాలలో సిక్కు కోటా కింద సీటు కోరిన ఒక విద్యార్థిని కనుబొమలు తీర్చుకుందన్న కారణంతో ప్రవేశం నిరాకరించగా, కత్తిరించని కేశాలు సిక్కు మతంలో విడదీయరాని భాగమంటూ హైకోర్టు ఆ నిరాకరణను సమర్థించింది. తీర్పు సుదీర్ఘం, అందులో గ్రంథాల ఉటంకింపులు, సిక్కు ప్రవర్తన నియమావళి అయిన రహత్ మర్యాద చర్చ, చరిత్ర అన్నీ ఉన్నాయి. ఒక లౌకిక న్యాయస్థానం ఇంత ఓపికగా వేదాంతచర్చ చేసిన సందర్భంలో, పతిత, అంటే ఆచారం తప్పినది అన్న ముద్ర మొదట పడింది ఒక అమ్మాయి ముఖం మీద అన్న సంగతి నన్ను ఇంకా కలవరపెడుతుంది. గడ్డం కత్తిరించుకున్న యువకులు పంజాబులో లెక్కకు మించి ఉన్నారు.

సైన్యం కథ ఇంకా విచిత్రమైనది. అమృతం పుచ్చుకోని సిక్కును ఒకప్పుడు పటాలంలో చేర్చుకోని వ్యవస్థకు వారసురాలైన సైన్యమే, స్వర్ణాలయంపై దాడి జరిగిన మరుసటి నెల, 1984 జులైలో, అమృత్‌ధారులను ప్రమాదకర వ్యక్తులుగా వర్ణించే అంతర్గత పత్రికను జవాన్లకు పంచింది. గుర్తు అదే, దానికి కార్యాలయం ఇచ్చే అర్థం తలకిందులైంది. ఇందిరాగాంధీ హత్య తరువాత, ఆ ఏడాది నవంబరు మొదటి మూడు రోజుల్లో ఢిల్లీ వీధుల్లో తలపాగా, కేశాలు చావుకు గుర్తులయ్యాయి. ఓటర్ల జాబితాలు పట్టుకుని ఇళ్లు వెతికారని బతికినవారు చెప్పారు. జనాన్ని పట్టికల్లోకి ఎక్కించడం గురించి ఫుకో రాసిన పుటలన్నీ ఆ ఒక్క వివరంతో పోల్చితే మృదువుగానే కనిపిస్తాయి. ప్రభుత్వ లెక్క ప్రకారం ఢిల్లీలోనే 2,733 మంది సిక్కులను చంపారు. అత్యధిక హత్యలు జరిగిన త్రిలోక్‌పురి వంటి చోట్లు పేదల పునరావాస కాలనీలు. అక్కడ చనిపోయినవారిలో చాలామంది లబానా సిక్కులు, మంచాలు అల్లేవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు. పంజాబు రాజకీయాలతో వాళ్లకు ఉన్న సంబంధం అంతంతమాత్రం. ఢిల్లీ పోలీసులు కేంద్ర హోం శాఖ కింద పనిచేస్తారు, ఆనాటి హోం మంత్రి పి.వి. నరసింహారావు. ఆయన ఆర్థిక సంస్కరణల మీద, బహుభాషా పాండిత్యం మీద తెలుగులో వెలువడే ప్రశంసల్లో ఈ మూడు రోజులకు దొరికే చోటు చాలా చిన్నది. తెలుగువాళ్లుగా ఆ పుటను మనం కూడా చదవాలి.

ఇంతవరకు బయటి కార్యాలయాల సంగతి. సిక్కు సమాజం లోపల గీత ఎలా పనిచేసిందో చూడాలంటే 1920 అక్టోబరు 12కు వెళ్లాలి. ఆ రోజు జలియన్‌వాలా బాగ్‌లో అమృతం పుచ్చుకున్న దళిత సిక్కులు, కులవివక్షను వ్యతిరేకించిన ఖాల్సా బిరాదరీ కార్యకర్తలతోనూ ఖాల్సా కళాశాల వారితోనూ కలిసి కడా ప్రసాదం పట్టుకుని దర్బార్ సాహిబ్‌కు వెళ్లారు. పూజారులు ఆ ప్రసాదం స్వీకరించబోమన్నారు. వాదన తెగక చివరికి గురు గ్రంథ సాహిబ్‌నే తెరిచి చూస్తే, గుణహీనులను కూడా సద్గురువు క్షమించి తన సేవలోకి తీసుకుంటాడన్న వాక్కు వచ్చింది. పూజారులు తలవంచారు. దళిత సిక్కులూ వారి వెంట వచ్చినవారూ అక్కడి నుంచి అకాల్ తఖ్త్‌కు సాగేసరికి అక్కడి పూజారులు స్థానం విడిచి వెళ్లిపోయారు. ఖాళీ అయిన ఆ పీఠాన్ని సంస్కర్తలు చేపట్టారు. నెల తిరిగేసరికి శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఏర్పడింది. తత్ ఖాల్సా గీసిన గీత, కులం చూసే పాత పూజారి వ్యవస్థను పడగొట్టి, అంటరానివారుగా చూసినవారికి తలుపు తీసిన సందర్భం ఇది. ఆ గీత మొత్తం పై వర్గాల కల్పన అని కొట్టేసేవారికి ఆనాటి ఘటన అడ్డం వస్తుంది.

తలుపు తెరుచుకుంది గాని పొలం తెరుచుకోలేదు. వలస ప్రభుత్వం 1900లో చేసిన భూమి అన్యాక్రాంత చట్టం వ్యవసాయ తెగలంటూ ఒక జాబితా తయారు చేసి, జాబితాలో లేనివారు వాళ్ల భూమి కొనకుండా అడ్డుకుంది. వడ్డీ వ్యాపారుల నుంచి రైతును కాపాడడం కోసమన్న ఆ చట్టం వ్యవసాయ కులమైన జట్లకు రక్షణ, దళితులకు నిషేధం అయింది. సైన్యంలో సైతం మజ్హబీలకు వేరే పటాలాలు పెట్టారు. అందరూ అమృతం పుచ్చుకున్నవారే, పంక్తులు మాత్రం వేరు. స్వాతంత్ర్యం తరువాత ఈ వైరుధ్యం మరో రూపం తీసుకుంది. తమ మతంలో కులం లేదని గర్వంగా చెప్పుకునే సమాజపు నాయకులు, తమవాళ్లకు రిజర్వేషన్లు దక్కాలంటే కులం ఉందని ప్రభుత్వం ముందు ఒప్పుకోవలసి వచ్చింది. 1956లో షెడ్యూల్డు కులాల హోదా సిక్కు దళితులందరికీ విస్తరించింది. సిద్ధాంతానికి అది ఇబ్బంది కావచ్చు. దళిత సిక్కు కుటుంబానికి మాత్రం తమ అనుభవానికి ప్రభుత్వ కాగితం మీద దొరికిన గుర్తింపు.

ఇక్కడ పంజాబు కథ మన కథతో నేరుగా కలుస్తుంది. 1975లో పంజాబు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల కోటాలో సగం, అక్కడి దళిత కులమైన వాల్మీకులకూ మజ్హబీ సిక్కులకూ ముందుగా ఇవ్వాలని నిర్ణయించింది. మాదిగ దండోరా ఉద్యమ ఫలితంగా వచ్చిన ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో చిన్నయ్య కేసులో కొట్టివేయగా, ఆ తీర్పు ఆధారంగానే 2006లో పంజాబు ఏర్పాటు కూడా హైకోర్టులో కూలిపోయింది. పంజాబు మళ్లీ చట్టం చేసింది, మళ్లీ ఓడింది, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి మెజారిటీతో చిన్నయ్య తీర్పును పక్కనపెట్టి వర్గీకరణకు దారి తెరిచిన కేసు పేరు పంజాబు రాష్ట్రం, దవీందర్ సింగ్‌ల మధ్యది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో వర్గీకరణ అమలుకు వచ్చిందంటే దాని వెనుక ఉన్నది మజ్హబీల వాటా మీద దశాబ్దాలు నలిగిన వ్యాజ్యం. మాదిగల గురించి తెలుగులో జరిగిన చర్చలో పంజాబు ప్రస్తావన దాదాపు లేకపోవడం, సిక్కు అస్తిత్వం మీది సిద్ధాంత చర్చలో మజ్హబీల ప్రస్తావన అరుదు కావడం, రెండూ ఒకే రకం చూపులోపం.

దళితులందరూ లోపలే ఉండి పోరాడలేదు. 1926లో మంగూ రామ్ నాయకత్వంలో, దళితులది వేరే మతమన్న ఆద్ ధర్మ ఉద్యమం మొదలై, 1931 జనాభా లెక్కల్లో తమకు వేరే గడి కావాలని అడిగి సాధించుకుంది. జనాభా లెక్కలంటే పాలకుడి ఆయుధం అని మాత్రమే చదివేవారు గమనించవలసిన విషయం ఇది. అణగినవారు కూడా ఆ కాగితాన్ని పట్టుకోగలరు. డాక్టర్ అంబేద్కర్ 1936లో సిక్కు మతాన్ని గంభీరంగా పరిశీలించాడు. ఆ రోజుల పరిచయాల ఫలంగానే 1937లో బొంబాయి ఖాల్సా కళాశాల మొదలైంది. 2009లో వియన్నాలో ఒక గురుద్వారాలో జరిగిన దాడిలో రవిదాసు అనుయాయుల సచ్‌ఖండ్ బల్లాన్ డేరాకు చెందిన సంత్ రామానంద్ హతుడైన తరువాత, 2010లో ఆ డేరా తమది రవిదాసియా మతమని ప్రకటించి, గురు గ్రంథ సాహిబ్‌లో ఉన్న రవిదాసు వాణిని వేరే గ్రంథంగా ప్రతిష్ఠించుకుంది. నూరేళ్ల కిందట సింగ్ సభ హిందువుల నుంచి విడిపోవడానికి వాడిన పరికరాలనే, అంటే వేరే గ్రంథం, వేరే జెండా, వేరే అభివాదం, వీళ్లు సిక్కుల నుంచి విడిపోవడానికి వాడారు. సింగ్ సభను సమర్థించి దీన్ని ద్రోహమనడం, దీన్ని సమర్థించి సింగ్ సభను వలసపాలన బొమ్మ అనడం, ఈ రెండూ నాకు సమ్మతం కావు.

2011 లెక్కల ప్రకారం పంజాబు జనాభాలో 31.9 శాతం షెడ్యూల్డు కులాలవారు. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత వాటా లేదు. గ్రామ ఉమ్మడి సాగుభూమిలో మూడో వంతును కౌలు వేలంలో వారికే కేటాయించాలని 1961 చట్టం చెబుతోంది. దశాబ్దాలుగా ఆ వేలాల్లో భూస్వాములు తమ పాలేర్ల పేరు పెట్టి పాట పాడుకున్నారు. 2014 నుంచి సంగ్రూర్ పరిసరాల్లో జమీన్ ప్రాప్తి సంఘర్ష్ కమిటీ ఆ వాటాను అడగడం మొదలుపెట్టాక, దళిత కుటుంబాలకు పని ఇవ్వొద్దని, పాలు అమ్మొద్దని చేసిన బహిష్కరణ ప్రకటనలు కొన్ని గ్రామాల్లో గురుద్వారా మైకుల్లోనే వినిపించాయి. అలాంటి గ్రామాల్లో కులానికో గురుద్వారా, కులానికో శ్మశానం ఉండడం అరుదేమీ కాదు. వేలం రోజున బీడీవో బల్ల ముందు నిలబడే మజ్హబీ స్త్రీ దగ్గర గుర్తింపు కాగితాలు అన్నీ ఉంటాయి. ఆమె సిక్కు అవునా కాదా అని అక్కడ ఎవరూ అడగరు. ఎకరానికి ఎంత పాడుతున్నావనే అడుగుతారు.